మకాం: గొర్రెల మంద

నాకు కోపం ఎక్కువ. ఆ మాట నా భార్య ఇంద్రమ్మ అంటే ఒప్పుకోను గానీ, నా అంతట నేను చెప్పుకోవడానికి నామోషీ ఏమీ లేదు. వికారాబాదు స్టేషను వెనకాల ప్రొబేషన్ ఆఫీసులో ప్యూనుగా పనిచేసినన్నాళ్లూ ఎవరో ఒకరి మీద అరవకుండా నాకు ఒక్క పూట గడిచి ఉండదు. ఊడ్చిన వాకిట్లో బీడీ ముక్క పడేసినా అరిచేవాణ్ని. అలాంటి నా ముందుకు, పంతొమ్మిది వందల అరవై రెండో సంవత్సరం ఉగాది వెళ్లిన ఆదివారం, పొద్దు వాలే వేళ నూటపది గొర్రెలు వచ్చి నిలబడ్డాయి.

నిలబడ్డాయి అన్నానా? ఎక్కడ నిలబడ్డాయి! ఎవరో గేటు తడుతున్నారని గడియ తీశానో లేదో, నన్ను గోడకు అదిమేసి లోపలికి జొరబడ్డాయి. వాటి వెనక భుజాన గొంగడి, చేతిలో కట్టెతో భీమప్ప. ఆయన వెనక నెత్తి మీద గంపతో ఆయన భార్య హన్మమ్మ. అనంతగిరి గుట్టల అవతలి ఊళ్లో గొర్రెలు కాసుకునే కురుమలు. రేపు సోమవారం కదా, హాజరీకి వచ్చానన్నాడు భీమప్ప, చుట్టాల ఇంటికి పెండ్లికి వచ్చినవాడంత నింపాదిగా.

హాజరీ అంటే చెప్పాలి. మొదటిసారి తప్పు చేసినవాణ్ని జైలుకు పంపకుండా, పూచీ రాయించుకుని వదిలిపెట్టే చట్టం అప్పటికి కొత్త. అలా వదిలినవాళ్లు ఏడాది పాటు ప్రతి సోమవారం మా ఆఫీసరు సారు ముందుకు వచ్చి రిజిస్టరులో వేలిముద్ర వెయ్యాలి. ఒక్క సోమవారం తప్పినా సారు కోర్టుకు రాస్తారు. రాశారంటే పూచీ రద్దు, ఆర్నెల్లు జైలు. ఇంతకూ భీమప్ప చేసిన ఘోరం ఏమిటంటే, అడవిలో గొర్రెల్ని మేపుకొమ్మని పాత గార్డు నోటిమాటగా చెప్పాడు. కొత్తగా వచ్చిన గార్డు కాగితం చూపించమన్నాడు. మాటా మాటా పెరిగి భీమప్ప ఒక తోపు తోస్తే ఆ గార్డు పోయి ముళ్లకంపలో పడ్డాడు. అంతే.

హాజరీకి మనిషి రావాలి గానీ మంద ఎందుకని నేను అరిచాను. భీమప్ప నా అరుపుకు చలించకుండా తలరుమాలు మడతలోంచి కాగితం తీసి నా చేతిలో పెట్టాడు. నాకు చదువు కొద్దిగా వచ్చు. మకాం అన్న చోట మా సారు చేతిరాత: గొర్రెల మంద. కింద అచ్చు అక్షరాల్లో షరతు: సెలవు లేకుండా మకాం విడిచి పోరాదు. కోర్టులో నీ మకాం ఎక్కడా అని సారు అడిగితే భీమప్ప ఉన్నమాట చెప్పాడు. ఏడాదిలో ఎనిమిది నెలలు గొర్రెల మధ్య పడుకునేవాడు ఇంకేం చెబుతాడు? ఆ రోజు ముప్పై కాగితాలు నింపుతున్న సారు చెప్పింది చెప్పినట్టు రాసేశారు.

మరునాడు పొద్దున సారు ఆ కాగితం చూసుకుని తల పట్టుకున్నారు. సారు పేరు వీరరాఘవులు. గుంటూరు వైపు మనిషి, ముప్పై ఏళ్లు నిండలేదు, మంచివాడు. ఇకనుంచి మందను భార్యకు అప్పజెప్పి ఒక్కడివే రావయ్యా అని మెత్తగా చెప్పారు. భీమప్ప తల అడ్డంగా ఊపాడు.

"నోటిమాట నమ్మి ఒకపారి కోర్టుకెక్కిన సారూ. గిప్పుడు కాయితం మీద ఏమున్నదో గదే చేస్త."

సారు బతుకంతా కాగితాల మీదే నడుస్తుంది. దానికి విరుగుడూ ఇంకో కాగితమే. మకాం మార్చమని ఆ రోజే కోర్టుకు రాశారు. కోర్టు వేసవి సెలవుల సంబరంలో ఉంది. జవాబు వచ్చేదాకా ప్రతి ఆదివారం సాయంత్రం మంద వస్తుంది, ఆఫీసు వాకిట్లో పడుకుంటుంది, సోమవారం వేలిముద్ర పడ్డాక పోతుంది. ఊడ్చేది ఎవరు? ఈ అనంతయ్య.

అక్కడితో అయిపోలేదు. వేలిముద్ర పడ్డాక హన్మమ్మ గంప పట్టుకుని తిన్నగా నా దగ్గరికి వచ్చింది. రాత్రి మంద పండుకున్నది కదా, గింజలు పెట్టమంది. నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నెత్తి మీద మంట పెట్టినట్టయింది. వాళ్లలో ఉన్న ఆనవాయితీ ఏమిటంటే, ఎవరి చేలో మంద ఒక రాత్రి పడుకుంటుందో ఆ రైతు గొర్రెల కాపరికి గింజలు కొలవాలి. గొర్రెల ఎరువు చేనుకు, జొన్నలు కాపరికి. నా వాకిలి పాడుచేసింది గాక నేనే ఎదురు ఇవ్వాలా, ఇది సర్కారు జాగా, పోయి సర్కారును అడుగు అన్నాను.

"సర్కారును నేనెన్నడు సూడలే. గేటు తీసి మందను లోపటికి రానిచ్చినోడివి నువ్వే గదనే అన్నా," అంది హన్మమ్మ.

నా గొంతు ఇంకా లేవకముందే మా ఇంద్రమ్మ ఆఫీసు వెనక మేముండే గదిలోంచి సోలెడు జొన్నలు చేటలో పోసుకొచ్చి ఆమె గంపలో వేసింది. హన్మమ్మ కళ్లకద్దుకుంది. వాళ్లు పోయాక నేను ఇంద్రమ్మ మీద ఎగిరాను. ఎవడబ్బ సొమ్మని ఇచ్చావన్నాను. ఆమె నా వైపు చూడకుండా అడిగింది: "ఆమె గంపల ఏమున్నదో నువ్వు సూసినవా?"

నేను చూడలేదు. ఇంద్రమ్మ చూసింది. ఒక సొరబుర్రలో అంబలి, అందులో పిండి తక్కువ, నీళ్లు ఎక్కువ. నాలుగు కోసులు, అంటే ఎనిమిది మైళ్లు నడిచి వచ్చి, మళ్లీ నాలుగు కోసులు నడవాల్సిన ఇద్దరికి అదే రెండు పూటల బువ్వ. పొద్దున్నే మొగుడికి పోసి, తను నడుముకు కొంగు బిగించుకుందట.

అసలు సంగతి ఇంద్రమ్మ రాబట్టింది. ఏటా జొన్నచేలు కోశాక వాళ్ల మంద తాండూరు దిక్కు నల్లరేగడి భూములకు పోతుంది. అక్కడ మొగులప్ప అనే రైతు చేలో, ఆయన తండ్రి కాలం నుంచి భీమప్ప వాళ్ల మందే పడుకోవాలి. మొగులప్ప, ఆయన పక్క చేలవాళ్లు కొలిచే జొన్నలే వాళ్లకు ఏడాది గ్రాసం. మా వికారాబాదు చుట్టుపక్కల రైతులకు ఆ అలవాటు పోయింది, బస్తాల ఎరువు మోజు పట్టుకుంది. తాండూరుకు మంద నడవాలంటే రెండు రోజులు, రావడానికి రెండు రోజులు. సోమవారం సోమవారం వికారాబాదులో ఉండాల్సినవాడు తాండూరులో మంద ఎప్పుడు పెడతాడు? జైలు తప్పించిన కాగితమే వాళ్ల పొయ్యిని ఆర్పేసింది. ఆ రాత్రి నాకు బువ్వ సయించలేదు. 

ఆ తర్వాతి సోమవారం మొదటిసారిగా నేను వరండాలో కూర్చున్నవాళ్లను సరిగ్గా చూశాను. నవాబుపేట నుంచి, దోమ అనే ఊరి నుంచి నడిచివచ్చే హాజరీవాళ్లు ఐదారుగురు ఉండేవారు. నోరు మెదపకుండా గోడకు ఆనుకుని కూర్చునేవారు. భయంతో అలా ఉంటారని ఇన్నాళ్లూ అనుకున్నాను, నాకు భయపడుతున్నారని కాస్త గర్వపడ్డాను కూడా. అది ఆకలి. ఆ రోజు కూలి పోతుంది, కూలి పోతే తిండి పోతుంది. నా కుండలో నీళ్లు తాగి పొట్ట నింపుకుని పోతున్నారు. ఇంత తిరుగుడు తిరిగే నాకు నా కళ్ల ముందున్నది కనిపించలేదంటే సిగ్గేసింది. సిగ్గేస్తే నాకు కోపం వస్తుంది. ఆ కోపంలో పోయి ఇంద్రమ్మతో, పొయ్యి మీద పెద్ద గిన్నె పెట్టు, నా మొహం ఏం చూస్తావన్నాను. ఆమె అప్పటికే పెట్టింది.

అలా సోమవారం గట్క మొదలైంది. జొన్న రవ్వ ఉడికించి తలా ఒక ముద్ద, అందులోకి పచ్చిపులుసు. సారు ఒకరోజు వాసన పట్టి వచ్చి, తానూ ఒక ముద్ద తిని, మర్నాడు జొన్నల బస్తా ఒకటి రిక్షాలో పంపారు.

ఇంతలో చైత్రం నడుమ ఒక గాలివాన కొట్టింది. ఇప్పుడు సారు తోట సంగతి చెప్పాలి. ఆయనకు గోంగూర పిచ్చి. మేము పుంటికూర అంటాం. ఆఫీసు వాకిట్లో రెండుసార్లు గింజలు చల్లారు, బస్తా ఎరువు కొని పోశారు. ఆ నేల గడ్డపారకే లొంగదు, గోంగూరకు లొంగుతుందా? నేను ముందే చెప్పాను, వినలేదు. ఆ వాన వెలిసిన వారానికి వాకిలి సగందాకా ఎర్ర కాడల మొలకలు. గొర్రెలు మేయకుండా భీమప్ప చుట్టూ కంప కట్టి, మందను మిగతా సగంలో పడుకోబెట్టేవాడు. నెల తిరిగేసరికి మోకాలెత్తు పుంటికూర! ఎక్కడ గొర్రెలు పడుకున్నాయో అక్కడ గుబురుగా, ఎక్కడ నేను శుభ్రంగా ఊడ్చానో అక్కడ బోడిగా. నా చీపురు పనితనం అంత స్పష్టంగా ఎన్నడూ కనిపించలేదు.

సారు ఆఫీసు వేళలో చెప్పులు విడిచి ఆ ఆకుల మధ్య తిరిగారు. వేలిముద్ర వేయడానికి వచ్చిన దోమ ఊరి మనిషి ఒకడు సారుకు ఏమైందని నన్ను చాటుగా అడిగాడు. ఆ సోమవారం వంట దగ్గర పెద్ద పంచాయితీ. పచ్చడి నూరాలని సారు, పప్పులో వెయ్యాలని ఇంద్రమ్మ, ఇద్దరికీ ఏమీ తెలియదని హన్మమ్మ. చివరకు మూడు తీర్లా వండారు. పది మందిమి వరుసగా కూర్చుని జొన్నరొట్టెతో తిన్నాం. సారు ఎవరి పక్కన కూర్చున్నారో ఆయనకూ పట్టింపు లేదు, పక్కనున్నవాడికీ లేదు. నేను చిన్నప్పుడు బోనాలనాడు కూడా అంత తినలేదు.

కానీ వారానికి ఒక పూట తిండితో బతుకు వెళ్లదు. చేతులు కడుక్కునే దగ్గర హన్మమ్మ నన్ను ఆపింది. ఆమె ముఖంలో అంతకుముందటి నవ్వు లేదు.

"అన్నా, వచ్చే సోమవారం మేం రాం. మిర్గం కార్తె అచ్చిందంటె దుక్కులు మొదలైతయి, మంద పెట్టెతందుకు చేను దొరకదు. ఉన్న పదిరోజులన్న తాండూరుల పెట్టుకుంటం. జైల్ల ఏస్తె ఆయన ఒక్కడు తింటడు, ఈడుంటె ఇద్దరం పస్తుంటం."

మీ సారుకు ఇప్పుడే చెప్పకు అని కూడా అంది. వద్దని అరుద్దామనుకున్నాను. ఏమని అరవను? ఇంట్లో జొన్నలు ఉన్నవాణ్ని.

ఆ వారం నేను ఎవరి మీదా అరవలేదు. నాకు జ్వరమేమోనని సారు అడిగారు. ఆదివారం సాయంత్రం గేటు తీసి పెట్టుకుని కూర్చున్నాను. పొద్దు గుంకింది. ఒక్క గొర్రె రాలేదు. ఊడ్వడానికి ఏమీ లేని వాకిలి అంత చెడ్డగా ఉంటుందని నాకు తెలియదు.

సోమవారం పదకొండు దాటాక సారు రిజిస్టరులో భీమప్ప పేరు దగ్గర ఆగారు. ఆయనకు కూడా మనసు రావడం లేదు. పెన్ను ముంచారు, తుడిచారు, మళ్లీ ముంచారు. మకాం విడిచి పరారీ అని కోర్టుకు రాయాలి, రాయక నాకు దారి లేదు అనంతయ్యా అన్నారు. పరారీ అన్న మాట వినేసరికి వారం రోజులుగా నాలో దాచుకున్నదంతా ఒక్కసారి పొంగింది.

"మకాం ఎక్కడ విడిచిండు సారూ? మకాం అంటే గొర్ల మంద అని మీ చేత్తో మీరే రాసిన్రు. మంద తాండూరుల మొగులప్ప చేన్ల ఉన్నది, మంద ఏడ ఉంటె గదే ఆయన ఇల్లు. ఇంట్లున్న మనిషిని పరారి అని ఎట్ల రాస్తరు?"

సారు నోరు తెరిచి నా వైపు చూశారు. ఉద్యోగం పోయిందనుకున్నాను. ఆయన లేచి బీరువాలోంచి నిబంధనల పుస్తకం తీశారు. పేజీలు తిప్పుతూ తిప్పుతూ ఒక చోట వేలు పెట్టి, పైకి రెండుసార్లు చదివారు. అధికారి అవసరమనుకుంటే పూచీదారు ఇంటికి స్వయంగా వెళ్లి హాజరు తీసుకోవచ్చు. ఆ తర్వాత సారు చేసిన పని నేను జన్మలో మరువను. రిజిస్టరు, సిరా దిండు నా చేతిలో పెట్టి, గొడుగు తీసుకుని, తాండూరు బండి ఎన్నింటికి అని అడిగారు. ఇంద్రమ్మ వెనక నుంచి రెండు మోపుల పుంటికూర నా నెత్తికెత్తింది. సర్కారు పని మీద పోయే మనిషి నెత్తిన పుంటికూర ఏమిటని నేను గొణిగితే ఎవరూ వినలేదు.

పాసింజరు దిగి, ఎండలో మొగులప్ప చేను వెతుక్కుంటూ పోయాం. దారిలో నాపరాళ్లు కొట్టేవాళ్లను అడిగితే, భీమప్ప మందా అని సగం కన్నడంలో, సగం తెలుగులో దారి చెప్పారు. మేము ఎవరమో తెలియక పాపం నవ్వుతూ చెప్పారు. నల్లటి చేను నడుమ మా గొర్రెలు తలలు ఒకదాని కింద ఒకటి దూర్చుకుని నిలబడి ఉన్నాయి. మా గొర్రెలు అన్నాను కదూ. అన్నాను.

భీమప్ప మమ్మల్ని దూరం నుంచే చూశాడు. పరుగెత్తలేదు. గొంగడి మడత పెట్టి భుజాన వేసుకున్నాడు. తోక తెగిన గొర్రె రెండు రోజుల్లో ఈనుతుంది, దాన్ని విడిగా కట్టమని హన్మమ్మకు చెప్పాడు. తర్వాత మా ముందుకు వచ్చి, బేడీలు వేయించుకునే మనిషిలా రెండు చేతులూ జోడించి ముందుకు చాచాడు. హన్మమ్మ ఏడవలేదు గానీ మొగుడి వెనక నిలబడి ఆయన అంగీ అంచు పట్టుకుంది. 

సారు ఆ పెంటికల మీదే బాసిపట్టు వేసుకుని కూర్చున్నారు. రిజిస్టరు ఒళ్లో తెరుచుకుని, ఆఫీసులో పిలిచే గొంతుతోనే పిలిచారు.

"మకాం గొర్రెల మంద, భీమప్ప. హాజరా?"

భీమప్పకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. ఆయన నా ముఖం చూశాడు, నేను తల ఊపాను. అప్పుడు ఆ పెద్దమనిషి, చాచిన చేతులు దించకుండానే నిటారుగా నిలబడ్డాడు.

"హాజర్ సారూ," అన్నాడు.

ఆ చాచిన చేతుల్లో ఒకదాని బొటనవేలికి నేనే సిరా అద్దాను. ముద్ర పడింది. హన్మమ్మ అక్కడే చతికిలబడి పడీ పడీ నవ్వింది, నవ్వుతూ ఏడ్చింది, మళ్లీ నవ్వింది. మొగులప్ప చెట్టు కింద నుంచి పరుగెత్తుకొచ్చి, వచ్చింది పోలీసులు కాదని తెలిసి, సారును కౌగిలించుకోబోయి ఆగాడు. ఆయన భీమప్ప కోసమే చేను దున్నకుండా ఆపుకున్నాడట. ఈ కురుమాయన మంద పడుకోకపోతే నా జొన్నకు కంకి రాదు సారూ అని లెక్చరు ఇచ్చాడు. గోంగూర తిన్న సారు తల ఊపారు, ఆ సంగతి ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

మిర్గం దాకా ఆఫీసే మంద దగ్గరికి పోయింది. మరుసటి సోమవారం సారు గుంటూరు నుంచి వచ్చిన వాళ్లమ్మను కూడా వెంటబెట్టుకుని వచ్చారు. రెండు బండ్ల జొన్నలతో భీమప్ప, హన్మమ్మ ఊరికి చేరారు. మకాం మార్చమని అడిగిన కాగితానికి కోర్టు నుంచి జవాబు శ్రావణంలో వచ్చింది. సారు దాన్ని చదివి, ముందొచ్చిన కాగితాలు ముందు చూడాలి కదా అనంతయ్యా అని, కట్టకు అట్టడుగున పెట్టారు. అంత మంచి ఆఫీసరు నాకు మళ్లీ దొరకలేదు.

ఏడాది తిరిగింది. భీమప్ప చివరి వేలిముద్ర వేశాడు, సారు చేయి కలిపారు, పూచీ తీరిపోయింది. ఇక రానక్కర్లేదు. మరుసటి ఆదివారం సాయంత్రం నేను వాకిలి ఊడ్చి, అలవాటు చొప్పున గేటు దగ్గర నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డావని ఇంద్రమ్మ అడిగితే కసురుకున్నాను. అప్పుడు మలుపు దగ్గర దుమ్ము లేచింది.

ఈసారి గొర్రెలు నన్ను గోడకు అదమలేదు, నేనే ముందు పక్కకు జరిగాను. హాజరీ లేదు కదా, మళ్లీ ఎందుకు వచ్చారయ్యా అని నాకు చేతనైనంత గట్టిగా అరిచాను. తాండూరుకు పోయే దారిలో ఒక రాత్రి ఇక్కడ పండుకుని పోతామన్నాడు భీమప్ప. పుంటికూర గింజలు చల్లుకొమ్మని సారుకు చెప్పమన్నాడు.

పొద్దున్నే హన్మమ్మ గంప పట్టుకుని నా ముందుకు వచ్చి నిలబడింది. ఆమె ఇంట్లో ఇప్పుడు జొన్నలకు కొదవ లేదని నాకు తెలుసు, నాకు తెలుసని ఆమెకూ తెలుసు.

"మంద పండుకున్నది గదనే అన్నా," అంది. "గింజలెయ్యి."

ఇంద్రమ్మ చేట అందుకోబోయింది. నువ్వు తప్పుకో, గేటు తీసింది నేను అని, నేనే లోపలికి పోయి, సోల కాదు, పెద్ద కుంచం తీసుకుని, తలకొట్టకుండా కుప్పగా జొన్నలు కొలిచి పోశాను.